చాటింపు చివర మా సున్నం

జనగామలో మా చిన్నకొడుకు ఇల్లు బస్టాండు వెనక వీధిలో. అక్కడ ఉన్నన్నాళ్లూ పొద్దున్నే ఒక ఆటో మైకు కట్టుకుని వచ్చేది. పసిపిల్లలకు చుక్కల మందు వేయించండని, నీళ్లు నిలవ ఉంచి దోమలు పెంచకండని చెప్పేది. అదంతా అయ్యాక అదే గొంతు, అదే ఊపులో, ఫలానా దుకాణంలో పట్టుచీరలు చవక అనేది. ఆటో సర్కారుది, మాట సర్కారుది, చివర మాత్రం చీరలు. మా కోడలికి భలే నవ్వు. "దుకాణపాయినకు పైస ఖర్చు లేకుంట పనైపాయె సూడత్తా" అనేది. నేనూ నవ్వేదాన్నే కానీ ఆ ఆటో మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడేదాన్ని. ఎందుకో ఆమెకు చెప్పలేదు. చెప్పాలంటే మా అత్త దాకా వెళ్లాలి. ఆమె బతికి ఉన్నప్పుడే ఆమె దగ్గరికి వెళ్లడం అంత తేలిక కాదు.

మా పుట్టిల్లు మానుకోట వైపు. పెళ్లయ్యాక కొడకండ్ల అవతల ఒక ఊరికి కాపురానికి వచ్చాను. అత్తవారిది సున్నం బట్టీ. వాగు ఒడ్డున తెల్లరాళ్లు ఏరుకొచ్చి, బొగ్గులు పేర్చి కాల్చి, చల్లారాక గంపలకెత్తి అమ్మడం మా పని. ఊరికి తూర్పున, ఇళ్లు అయిపోయిన చోట ఉండేది బట్టీ. దాని పక్కనే రెండు గదుల ఇల్లు. ఉండేది ముగ్గురం. మామ నా పెళ్లికి ముందే పోయాడు. మా ఆయన మాట తక్కువ మనిషి. ఆకలైందన్న సంగతి కూడా పొయ్యి దగ్గర నిలబడితే నేనే తెలుసుకోవాలి. ఆయన మాట్లాడని మాటలన్నీ కూడబెట్టి మా అత్త మాట్లాడేది. తగాదా లేని రోజు ఆమెకు తిన్నది అరిగేది కాదు.

అప్పటికి నిజాం రాజ్యం పోయి మిలిటరీ వచ్చింది. మా ఊరి దొర గడికి తాళం వేసి హైదరాబాదు వెళ్లిపోయాడు. అడవుల్లో, తాళ్లల్లో అంటే తాటితోపుల్లో, దొరల మీద తిరగబడ్డ దళం వాళ్లు ఉన్నారు. వాళ్లు ఎప్పుడు వస్తారో, ఎవరింట్లో అన్నం తింటారో ఎవరూ పైకి అనరు. వాళ్లను వెతికే పోలీసులు పక్క ఊళ్లలో దిగారని తెలుసు. మా ఊరికి ఇంకా రాలేదు. రాలేదన్న ధైర్యం కన్నా వస్తారన్న భయమే ఎక్కువ ఉండేది. కుక్క కాస్త గట్టిగా మొరిగినా చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయేది.

ఆ ఊళ్లో చాటింపు సంగతి చెప్పాలి. పటేలుకు ఏదైనా హుకుం వస్తే డప్పు కొట్టే మనిషిని పిలిచి చెప్పేవాడు. ఆ మనిషి కూడలి కూడలికీ వెళ్లి డప్పు మీద ఒక వరుస వేసి, మాట చెప్పి, మళ్లీ వరుస వేసి ముగించేవాడు. మొదటి దెబ్బ పడగానే ఎక్కడివాళ్లు అక్కడ నిలబడాలి. ఆఖరి దెబ్బ పడేదాకా కదలకూడదు. ఆ రెండింటి మధ్య వచ్చిన ప్రతి మాటా సర్కారుదే. అలా ఎవరూ రాసి పెట్టలేదు. తాతల నుంచి అదే నడక. మధ్యలో ఆయన దగ్గితే ఆ దగ్గును కూడా జనం భయభక్తులతోనే వినేవారు.

ఆ ఎండాకాలం గత్తర వచ్చింది. వాంతులు, విరేచనాలు, పొద్దున ఉన్న మనిషి సాయంత్రానికి లేడు. పటేలు చాటింపు వేయించాడు. నీళ్లు కాచుకుని తాగాలి, బావుల్లో సున్నం వేయాలి, ఇళ్లకు, పశువుల కొట్టాలకు సున్నం కొట్టాలి. ఆ సంగతి ముందు రోజే మా అత్త చెవిన పడింది. డప్పు కొట్టే ఆయన మా బట్టీ మీదుగానే కల్లుకు వెళ్తుండేవాడు. ఆ రోజు ఆమే ముంతెడు కల్లు తెప్పించి ఉంచి ఆయనను ఆపింది.

"తమ్మీ, రేపు సున్నం ఎయ్యుమని చెప్తవు గదా. సున్నం యాడ దొరుకుతదో గది గూడ చెప్పరాదు?"

"పటేలు చెప్పని మాట నేనెట్ల చెప్తనక్కా?"

"నేను జెప్పేది చెడ్డ మాటనా? జనం సున్నం కోసం ఏడ తిరుగుతరు గీ ఎండల? తూర్పు బట్టికాడ దొరుకుతదని ఒక్క మాటను. నీ నోరేమన్న అరుగుతదా?"

ఆయన ముంత వైపు చూశాడు, మా అత్త వైపు చూశాడు. ముంత అందుకున్నాడు.

మర్నాడు చాటింపు చివర, ఆఖరి దెబ్బకు ముందు, "సున్నం గావాల్నంటే తూర్పు బట్టికాడికి రాండ్రి" అన్నాడు. గంట గడవక ముందే మా వాకిలి నిండింది. గంపలు, తట్టలు, కుండ పెంకులు పట్టుకుని వచ్చారు. మొదట నాకు సంబరమే అయింది. తర్వాత వాళ్ల ముఖాలు చూశాను. ఎవరూ బేరం చేయడం లేదు, కబుర్లు చెప్పడం లేదు. ఒక అవ్వ చేతులు కట్టుకుని నిలబడి మా అత్తను అడిగింది, "ఇంటికెంత తీస్కపోవాల్నని హుకుం బిడ్డా?"

హుకుం లేదు, నీ ఇష్టం అని చెప్తుందేమో అనుకుని అత్త వైపు చూశాను. ఆమె చెప్పలేదు. "గంపెడు సాలు అవ్వా" అంది. ఆ అవ్వ గుడిసెకు గంపెడు సున్నం ఎక్కడ కొడుతుంది? మా ఆయన అంతా విన్నాడు. సాయంత్రం అన్నం ముందు కూర్చుని తల్లితో ఒకే ఒక్క మాట అన్నాడు.

"అవ్వా, వాళ్లు మనకాడికి సున్నానికి రాలే. భయానికొచ్చిండ్రు."

"ఎందుకొస్తే ఏంది, వచ్చిండ్రు గదా!" అని ఆమె పప్పు గిన్నె ఆయన ముందుకు తోసింది.

ఆ తర్వాత మా అత్తకు రుచి తెలిసింది. పశువులకు గాళ్ల రోగం వచ్చిందని చాటితే చివర మా సున్నం. చెరువు తూము తెరుస్తారు, కింది పొలాల వాళ్లు జాగ్రత్త అని చాటితే చివర మా సున్నం. తూముకు, సున్నానికి ఏం సంబంధమో ఆ దేవుడికే తెలియాలి. అవతలి లంబాడీ తండాలో చాటినప్పుడు అక్కడి నాయకుడు వాళ్ల భాషలో మళ్లీ చెప్తాడు, ఆయన కూడా మా బట్టీ సంగతి వదలకుండా చెప్పేవాడట. కొన్నాళ్లకు డప్పు ఆయనకు ముంత పోయకపోయినా ఆ మాట దానంతటదే వచ్చేది. ముందు మాట అయిపోగానే నోరు అటే నడిచేది. ఊళ్లో పిల్లలు ఆడుకుంటూ చాటింపు ఆట ఆడితే వాళ్లూ అదే మాటతో ముగించేవాళ్లు. మా అత్త మురిసిపోయేది. నేనూ మురిశాను. ఊరి నోట్లో మన మాట ఉండటం తియ్యగానే ఉంటుంది.

వానాకాలం ముగిసేసరికి పోలీసులు మా ఊరికి వచ్చారు. గడి తాళం పగలగొట్టి అందులో క్యాంపు పెట్టారు. వాళ్లది మన భాష కాదు. మర్నాటి నుంచి పొద్దుగూకాక ఎవరూ బయటికి రావద్దన్నారు. కంది చేలల్లోకి వెళ్లిన ఇద్దరిని పట్టుకొచ్చి గడి ముందు కొట్టారు. ఆ అరుపులు మా బట్టీ దాకా వినిపించాయి. నేను చెవులు మూసుకున్నాను. అత్త పొయ్యి ముందు కూర్చుని కట్టెలు ఎగదోస్తూనే ఉంది. కూర ఎప్పుడో మాడింది.

ఆ వారంలోనే క్యాంపు అధికారి పటేలును పిలిచి చాటింపు వేయమన్నాడు. నేను ఆ పొద్దున కోమటి దుకాణానికి ఉప్పుకు వెళ్లి కూడలిలో ఉన్నాను. డప్పు మోగింది. అందరం నిలబడ్డాం. డప్పు ఆయన వెనక తుపాకీలతో ఇద్దరు పోలీసులు ఉన్నారు. ఆయన ముఖం పాలిపోయి ఉంది.

"ఇనుండ్రయ్యా ఇనుండ్రి! దళపోళ్లకు అన్నం పెట్టినోళ్లకు, ఇంట్ల జాగ ఇచ్చినోళ్లకు కఠినమైన శిక్ష. ఎవరింట్ల ఉన్నరో తెల్సినోళ్లు వచ్చి చెప్పాలె. చెప్పినోళ్లకు సర్కారు ఇనాం ఇస్తది."

అంతటితో డప్పు మోగాలి. మోగలేదు. ఆయన నోరు అలవాటైన దారిన నడిచింది.

"సున్నం గావాల్నంటే తూర్పు బట్టికాడికి రాండ్రి."

అప్పుడు మోగింది ఆఖరి దెబ్బ. ఏం అన్నాడో ఆయనకు అప్పుడు తెలిసినట్లుంది. పుల్ల పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. వెనక ఉన్న పోలీసులకు భాష రాదు, వాళ్లకేమీ పట్టలేదు. కానీ కూడలిలో ఉన్నవాళ్లందరూ నా వైపు తిరిగారు. నా పక్కన నిలబడ్డ ఆమె చీర కొంగు నాకు తగలకుండా దగ్గరికి లాక్కుంది. అంతవరకూ ఆమె నాకు నేస్తం.

ఉప్పు తీసుకోకుండానే ఇంటికి వచ్చి సంగతి చెప్పాను. మా ఆయన చేతిలోని పార కింద పెట్టేశాడు. అత్త నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగింది. తెలిసినవాళ్లు వచ్చి చెప్పండి అన్న హుకుంలోనే మా బట్టీ పేరు ఉంది. రెండు దెబ్బల మధ్య ఉన్న మాట. అంటే ఊరి లెక్కన కబురు వచ్చి చెప్పాల్సిన చోటు మా బట్టీ, మేం క్యాంపు మనుషులం. దళం వాళ్ల చేతిలో క్యాంపుకు చెప్పేవాళ్లకు ఏ గతి పడుతుందో చిన్నపిల్లలకు కూడా తెలుసు. రెండు ఊళ్ల అవతల ఒకతన్ని తాళ్లల్లోకి పిలిచారు. ఆయన మళ్లీ ఇంటికి రాలేదు. మా ఆయననూ చంపుతారు.

"చాటింపు తప్పని మల్ల చాటియ్యుమను" అని మా ఆయన అన్నాడు.

అత్త పరుగున డప్పు ఆయన దగ్గరికి వెళ్లింది. ఆయన వాకిట్లోకి కూడా రానివ్వలేదట. "అక్కా, నీ కాల్మొక్త. పటేలు చెప్పకుంట డప్పు ముడితే క్యాంపోళ్లు నా చేతులిరగ్గొడ్తరు. పటేలుకు చెప్తే మొదలు ఎందుకన్నవని అడుగుతడు" అన్నాడట. అదీ నిజమే. ఎక్కించడానికి ముంతెడు కల్లు చాలింది. దింపడానికి ఏమిచ్చినా చాలదు.

ఆ రోజు నుంచి మా వాకిలికి ఎవరూ రాలేదు. బావి దగ్గరికి నేను వెళ్తే ఆడవాళ్లు బిందెలు సగం నింపుకుని వెళ్లిపోయేవాళ్లు. కాల్చిన సున్నం అలాగే పడి ఉంది. మా ఆయన మాత్రం రోజూ బట్టీ దగ్గరే కూర్చునేవాడు. దాక్కుంటే తప్పు చేసినట్లు అవుతుందని ఆయన లెక్క. నాకు ఆయన మీద ఎంత కోపం వచ్చేదో! మానుకోటకు పోదాం రమ్మని ఏడ్చాను, తిట్టాను, ఒకరోజు అన్నం కూడా వండలేదు. పారిపోయినవాళ్ల కోసం దళం వాళ్లూ వెతుకుతారు, పోలీసులూ వెతుకుతారు అన్నాడు.

చివరికి ఒక మనిషి వచ్చాడు. పడమటి వాడకట్టు రైతు, పెళ్లాం, ఇద్దరు ఆడపిల్లలు ఉన్నవాడు. ఆ ఏడే ఎద్దు చచ్చిపోయింది ఆయనది. చేతిలో గంప లేదు. నేను ఇంటి ముందు రాళ్లు కొడుతున్నాను. ఆయన మా ఆయన పక్కన గొంతుక్కూర్చుని, అటూ ఇటూ చూసి, మెల్లగా అన్నాడు.

"తమ్మీ, మా వాడకట్టుల ఒకింట్ల పెద్ద గంజుల అన్నం వండుతుండ్రు. ఇంట్ల ఉన్నది ఇద్దరే. ఇనాం సంగతి జర నువ్వే మాట్లాడాలె..."

మా ఆయన లేచి నిలబడ్డాడు. ఆయన అంత గట్టిగా మాట్లాడగా నేను అప్పుడే విన్నాను.

"సాలు! ఎవలిల్లో చెప్పకు. నాకు వద్దు. ఈడ సున్నం తప్ప ఏం లేదన్నా, నీకు దండం పెడ్త, లేచి పో!"

ఆ మనిషి ముఖం ఒక్కసారిగా మారింది. తాను రాకూడని చోటికి వచ్చానని అర్థమైంది. క్యాంపుకు చెప్పడానికి సిద్ధపడ్డాడని ఇప్పుడు మా ఇద్దరికీ తెలుసు. గబగబా వెళ్లిపోయాడు. తోవలోనే ఆయనకు ఒక ఉపాయం తట్టినట్లుంది. మేం ఆయన పేరు బయట పెట్టకముందే, బట్టీ వాడు తనను పిలిచి దళం వాళ్ల ఆరాలు అడిగాడని కనిపించిన వాళ్లందరికీ చెప్పాడు. మరునాటికి ఆ మాట ఊరంతా తిరిగి మా దాకా వచ్చింది.

దాని వెనకే దళం వాళ్ల కబురు వచ్చింది. కల్లు గీసే ఆయన కుండ దించుకున్నట్లుగా మా వాకిట్లో ఆగి, ముఖం పక్కకు తిప్పుకుని చెప్పాడు. "రేపు పొద్దుగూకకముందు తాళ్లల్లకు రావాల్నట. ఒక్కనివే." చెప్పి కుండ ఎత్తుకుని వెళ్లాడు.

మా ఆయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను ఆయన కాళ్లు పట్టుకున్నాను, వద్దని. వెళ్లకపోతే ఇంటికే వస్తారు అన్నాడు. అత్త మా ఇద్దరినీ చూస్తూ నిలబడింది. నాకు ఆమెను చూస్తే రక్తం మరిగిపోయింది. "నీ సున్నం అమ్ముడుపోయింది గదత్తా, ఇగ సల్లగుండు!" అన్నాను. కోడలు అలాంటి మాట అంటే ఇంటి కప్పు లేపే మనిషి, లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

తెల్లవారాక చూస్తే అత్త లేదు. ఇత్తడి తాంబాళం కూడా లేదు. కాసేపటికి ఊళ్లో నుంచి ఇత్తడి మోత వినిపించింది. నేను చేతిలో ఉన్నది పడేసి పరిగెత్తాను.

మొదటి కూడలిలోనే ఉంది. కొంగు నడుముకు చుట్టి, తాంబాళం మీద కవ్వంతో కొడుతోంది. అచ్చం డప్పు వరుసే వేస్తోంది. మా ఊళ్లో ఆడది చాటింపు వేయడం అంతకుముందు లేదు, తర్వాతా లేదు. ఏం చేయాలో తెలియక జనం నిలబడిపోయారు. దెబ్బ పడితే నిలబడటం వాళ్లకు అలవాటు కదా.

"ఇనుండ్రి ఊరోళ్లారా! నేను తూర్పు బట్టి ముసల్దాన్ని. పటేలు చెప్పలే, క్యాంపు చెప్పలే, నేనే చెప్తున్న. నా సున్నం అమ్ముకునేటందుకు చాటింపు చివర్ల నా మాట జొప్పిచ్చిన. డప్పు కొట్టేటాయన వద్దంటున్నా బలిమిజేసి జొప్పిచ్చిన. గది సర్కారు మాట గాదు, నా ఆశ మాట! నా కొడుక్కు ఏ పాపం తెల్వదు. మా బట్టికాడ ఎవ్వల ముచ్చట ఇనం, ఎవ్వల ముచ్చట చెప్పం. మా సున్నం కొనకుండ్రి. ఎవ్వలు రాకుండ్రి!"

మళ్లీ వరుస వేసి, పక్క కూడలికి నడిచింది. నేను వెనక నడిచాను. ఆపాలని వెళ్లినదాన్ని, ఎందుకో ఆపలేకపోయాను. ప్రతి కూడలిలో అదే మాట, ప్రతిసారీ ఇంకా గట్టిగా. తనను తాను అందరి ముందు అలా తిట్టుకోవడం ఆమెకు ఎంత కష్టమో నాకే తెలుసు. అప్పటిదాకా ఆమె నోట పొరపాటున కూడా తప్పైందన్న మాట వినలేదు.

చివరిది గడి ముందు కూడలి. అక్కడికి వద్దని కొంగు పట్టుకుని లాగాను. విదిలించుకుంది. గడి ముందు పోలీసులు అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతున్నారు. పటేలు నిలబడి ఉన్నాడు. డప్పు ఆయన అక్కడే నీళ్లు మోస్తున్నాడు. అత్త తాంబాళం మోగించింది. ఒక పోలీసు తుపాకీ అందుకుని లేచాడు. ఆమె ఆగలేదు. పటేలు చెప్పలే, క్యాంపు చెప్పలే అని మొదలుపెట్టి మొత్తం చెప్పింది. పటేలు కళ్లు పెద్దవయ్యాయి. ఆయన ఒక్క మాట విప్పి చెప్తే మా ముగ్గురినీ అదే గడి ముందు పడుకోబెట్టి కొడతారు. డప్పు ఆయననూ కలిపి కొడతారు.

"క్యా బోల్‌రహీ హై బుడ్ఢీ?" అని పోలీసు పటేలును అడిగాడు, ముసలిది ఏమంటోందని. పటేలు డప్పు ఆయన వైపు చూశాడు.

డప్పు ఆయన నీళ్ల కుండ దించి ముందుకొచ్చాడు. "చూనా బేచ్‌రహీ హై సాబ్" అన్నాడు. సున్నం అమ్ముకుంటోంది అని.

పోలీసు నవ్వాడు. మరుగుదొడ్ల గోడలకు సున్నం కావాలి, రెండు గంపలు తెమ్మను అన్నాడు. క్యాంపుకు మా సున్నం వెళ్లిందంటే ఆ పొద్దంతా అత్త అరిచిన అరుపు బూడిదలో పోసినట్లే. డప్పు ఆయన తల అడ్డంగా ఊపాడు. అది పాడైన సున్నమని, గోడకు నిలవదని, అందుకే ఎవరూ కొనడం లేదని, ముసలిదానికి ఆ బాధతో మతి చెడిందని వచ్చిన ఉర్దూలో చెప్పాడు. పటేలు కూడా అప్పుడు, అవునన్నట్లు తల ఆడించాడు. ఎందుకు ఆడించాడో నాకు ఈనాటికీ తెలియదు. పోలీసు విసుగ్గా చెయ్యి ఊపి మమ్మల్ని పొమ్మన్నాడు.

ఇంటికి వచ్చేసరికి అత్తకు గొంతు లేదు. నీళ్లు ఇస్తే తాగలేకపోయింది. కొడుకు ముందు కూర్చుని ఆయన మోకాలు మీద చెయ్యి వేసి అలాగే ఉంది. పొద్దు వాలుతుంటే ఆయన లేచి, తలకు రుమాలు చుట్టుకుని వెళ్లాడు. వెనక్కి తిరిగి చూడలేదు. చూసి ఉంటే నేను వెళ్లనిచ్చేదాన్ని కాను.

తాళ్లు మా ఇంటి నుంచి కనిపిస్తాయి. అత్తా, నేనూ వాకిట్లో నిలబడి అటే చూశాం. తుపాకీ మోత వినిపిస్తుందేమోనని చెవులు అటే పెట్టాను. పొద్దుగూకితే క్యాంపు వాళ్లు కాల్చవచ్చు, అంతకుముందు దళం వాళ్లు కాల్చవచ్చు. మా ఆయన బతకడానికి ఆ రెండింటి మధ్య మిగిలింది చాలా కొంచెం. సూర్యుడు సగం దిగాడు. నేను దేవుళ్లను మొక్కలేదు. తిట్టాను. ఒక్కరినీ వదలకుండా తిట్టాను.

మసక పడుతుండగా గట్టు మీద ఆయన కనిపించాడు. మామూలుగానే నడిచి వస్తున్నాడు. నేను ఎదురువెళ్లి చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చి తలుపు వేశాను.

"ఇడిచిపెట్టిండ్రు" అన్నాడు. "అవ్వ లొల్లి తాళ్లల్లకు గూడ ఇనవడ్డదట."

"ఇంకేమడిగిండ్రు?"

రుమాలు విప్పి వంకెకు తగిలించాడు. "నీకాడికి చెప్పనీకి ఎవలొచ్చిండ్రు, పేరు చెప్పు అన్నరు."

"చెప్పినవా?"

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఆయన ప్రాణంతో వచ్చాడు. ఎలా వచ్చాడు? అత్త అరుపులకు వదిలారా, పేరు చెప్తే వదిలారా? చెప్పి ఉంటే చెప్పాడులే, మా ఇంటి మీదికి తెచ్చింది ఆ మనిషే కదా అని ఒకసారి అనుకున్నాను. ఆ వెంటనే ఆయన ఇద్దరు ఆడపిల్లలు గుర్తుకొచ్చి భయం వేసింది. మా ఆయనను నేను ఇకమీద ఎలా చూడాలో తెలియక ఆయన వీపు వైపు చూస్తూ కూర్చున్నాను.

తెల్లారీ తెల్లారకముందే గంపలో సున్నం వేసుకుని, అమ్మడానికి వెళ్తున్నట్లు పడమటి వాడకట్టుకు వెళ్లాను. ఆ ఇంటి ముందు ఆయన పెళ్లాం కళ్లాపి చల్లుతోంది.

"మీ ఆయినేడక్కా?" అన్నాను.

"ఏమో చెల్లే, నేను లేచేటాలకు లేడు."

గంప దించి గోడ పక్కన పెట్టాను. ఆమె ఏమైందని అడుగుతోంది. నేను ఏం చెప్పను? అంతలో ఇంటి వెనక సందులో నుంచి ఆయన వచ్చాడు, చేతిలో చెంబు, నోట్లో వేపపుల్ల. ఒంటి మీద గీత కూడా లేదు. అంటే మా ఆయన పేరు చెప్పలేదు.

"నీ ఇల్లు సల్లగుండ, యాడికి వోయి సచ్చినవయ్యా పొద్దు పొద్దుగాల!" అని అరిచి, నిలుచున్నచోటే ఏడ్చేశాను. మమ్మల్ని చంపబోయిన మనిషి బతికి ఉన్నాడని ఏడ్చాను. ఆయన పెళ్లానికి ఏమీ అర్థం కాలేదు. ఆయనకు అర్థమైంది. చెంబు కింద పెట్టి, నా ముఖంలోకి చూడకుండా అడిగాడు.

"తమ్ముడు... వచ్చిండా తాళ్లల్లకెల్లి?"

"వచ్చిండు" అన్నాను.

ఆయన కాళ్లు మడిచి అక్కడే కళ్లాపి తడిలో కూర్చున్నాడు. నేను గంప ఎత్తుకుని ఇంటికి వచ్చాను. మా ఆయన ఇంకా గోడవైపు తిరిగే పడుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకున్నాను. దగ్గరికి వెళ్లి చూస్తే వీపు వణుకుతోంది. రాత్రంతా అలాగే వణుకుతూ ఉండి ఉంటాడు, చీకట్లో నాకు కనిపించలేదు. పక్కన కూర్చుని చెయ్యి వేశాను. వణుకు తగ్గడానికి చాలా పొద్దు పట్టింది.